ఆక్రమిత పట్టణానికి ఏ యాస పెట్టాలి?

శత్రుసేన ఒక పట్టణాన్ని ఆక్రమించడానికి ఒక్క తెల్లవారుజాము చాలు. ఆ పట్టణం ఏ యాసలో ఏడవాలో తేల్చడానికి మాత్రం మాదాపూర్‌లో నాలుగు నెలలు పడుతుంది. నాగరికత అంటే ఇదే.

మా ఓటీటీ కంపెనీ ఒక పాత నలుపు తెలుపు యుద్ధచిత్రానికి తెలుగు డబ్బింగ్ తలపెట్టింది. ఎక్కడో యూరప్‌లో ఓ చిన్న పట్టణం, దాన్ని పట్టుకున్న పరాయి సైన్యం, రొట్టెల దుకాణం నడిపే ఒంటరి ఆడమనిషి. సైన్యం వెతుకుతున్న బడిపంతులును ఆమె పిండి గదిలో దాస్తుంది. చివర్లో సేనాధిపతి ఎదుట నిలబడి అప్పజెప్పనంటుంది. కాల్చేస్తారు. అంతే కథ.

ఆ రొట్టెలావిడ గొంతు ప్రవళికకు దక్కింది. బోరబండ అమ్మాయి. పదేళ్లుగా పనిమనుషులకూ, కమెడియన్ల పెళ్లాలకూ గొంతిచ్చింది (తెలంగాణ యాసకు డబ్బింగులో అవే ఖాళీలు). "ఇయ్య. ఏం జేస్కుంటవో జేస్కో పో!" అని ఆమె అనగానే సౌండ్ ఇంజనీరు కళ్లు తుడుచుకున్నాడు. వాళ్లమ్మ సీతాబాయి వాడకట్టంతా చెప్పేసింది: "ఈపారి మా బిడ్డ సినిమాల గిన్నెలు తోమదు."

అప్పుడు సినిమా మా సమాన ప్రాతినిధ్య కమిటీ ముందుకు వచ్చింది. (కమిటీలో అన్ని ప్రాంతాలవాళ్లమూ ఉన్నాం. డబ్బింగ్ తెలిసినవాళ్లకు చోటిచ్చే విషయం పరిశీలనలో ఉంది.)

మొదట కర్నూలు సురేంద్ర లేచాడు. "వంతెన పేల్చేటోడికి మా సీమ యాస పెట్టినారేమి? బాంబంటే మేమే గుర్తొస్తామా మీకు?" పేల్చినవాడు దేశభక్తుడని నచ్చజెప్పాం. "ఎవడైనా కానీ, బాంబు మాకొద్దు." ఇప్పుడా వంతెన నాసిరకం సిమెంటు వల్ల కూలుతుంది.

తర్వాత భీమవరం హర్షిణిగారు. "సైన్యానికి ఉప్పందించేవాడికి మా గోదారి యాసేంటండీ? వెటకారం చేస్తాం గానీ వెన్నుపోటు పొడవమండీ." ఉప్పందించేవాణ్ణి మూగవాణ్ణి చేశాం. పాపం, సైగలతోనే పట్టిస్తాడు. కంపెనీ ప్రతి సినిమాకూ వేసే ప్రాతినిధ్య మార్కుల్లో దివ్యాంగుల వాటా కూడా వచ్చింది.

ఇక సేనాధిపతి. అతగాణ్ణి తీసుకోవడానికి ఏ జిల్లా ముందుకు రాలేదు. చివరికి కమిటీ అధ్యక్షుడు హేమంత్ ఎవరికీ చెందని భాష ఒకటి పట్టుకొచ్చాడు. మా హెచ్ఆర్ మెయిళ్ల భాష. "ప్రియమైన పట్టణవాసులారా, కర్ఫ్యూ మీ క్షేమం కోసమే. సహకరించగలరు. మీ అభిప్రాయం మాకెంతో విలువైనది."

ముందస్తు ప్రదర్శనలో ఉద్యోగులకు సేనాధిపతి తెగ నచ్చేశాడు. (తనిఖీ దృశ్యం రాగానే వాళ్లలో ఒకాయన తన మెడలోని ఐడీ కార్డు తీసి తెరకు చూపించాడు.) అంత మర్యాదస్తుణ్ణి పట్టుకుని "ఏం జేస్కుంటవో జేస్కో" అన్న రొట్టెలావిడే వాళ్లకు మొరటుగా తోచింది. తెలంగాణ మహిళ గౌరవానికి భంగమని కమిటీ ఏకగ్రీవంగా బాధపడి ఆ మాట తీసేసింది. ఆవిడ ఇక ఊరికే చూస్తుంది. మౌనానికి యాస లేదు కదా.

ప్రవళిక నేరుగా కమిటీ గదిలోకి వచ్చేసింది. "మా యాస ఇజ్జత్ కాపాడనీకి నా నోరే మూస్తరా సార్? గా ఒక్క మాట కోసం పదేండ్లు ఆగిన!" ఏడ్చింది కూడా. నాకు నిజంగానే బాధేసింది. వెంటనే ఆ సంగతి మినిట్స్‌లో రాయించాను.

హేమంత్ జాలిగుండెవాడు. "ఫికర్ చేయకు, నీకు అన్యాయం జరగనివ్వం" అన్నాడు. చూస్తే, ఆక్రమణ సైన్యంలో ఒక్క ఆడమనిషి లేదు. ఎంత వివక్ష! సైన్యం మైకులో చేసే ప్రకటనలన్నీ ప్రవళికకు ఇచ్చాం. పని కావాలి గనక చెప్పింది.

సినిమా విడుదలైంది. ప్రాతినిధ్యంలో పూర్తి మార్కులు. బోరబండలో వాళ్లింట్లో తల్లీకూతుళ్లు చూస్తుంటే కమిటీ తరఫున నేనూ వెళ్లి కూర్చున్నాను. రొట్టెల దుకాణం ముందు మైకులో ప్రవళిక గొంతు తియ్యగా మోగింది: "అమ్మా, దయచేసి పంతులుగారిని అప్పగించి సహకరించగలరు." రొట్టెలావిడ పెదవి విప్పలేదు. తుపాకులు లేచాయి.

సీతాబాయి కూతురి చెయ్యి పట్టుకుంది.

"గింత మంచిగ అడుగుతున్నవ్ గద బిడ్డా. ఇచ్చేస్తే ఏం పోతది గామెకు?"