సీలు లేని రిపోర్టు

మార్చి నెలలో ఆ మంగళవారం ఉదయం జోగయ్య పెట్టుకున్న పని ఒకటే. పరీక్ష పేపర్లు లెక్కపెట్టి బీరువాలో పెట్టి తాళం వేయడం. అనంతపురం జిల్లా ప్రభుత్వ బడుల్లో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసి రిటైరై, మడివాళలోని ఈ చిన్న ప్రైవేటు స్కూలుకు హెడ్మాస్టరుగా వచ్చాడాయన. తాళం మీద ఉన్న నమ్మకం ఆయనకు మనుషుల మీద లేదు.

బడి ఎనిమిదిన్నరకు. లెక్కల టీచరు ప్రేమకుమారి ఎనిమిదీ నలభైకి గేటు దాటింది. జోగయ్య ఆలస్యాల రిజిస్టరు తీసి ఆమె పేరు ఎదుట ఎర్రగీత గీశాడు. ఆ ఏడాదికది నూట పన్నెండోది. ఆమె మారతహళ్ళి నుంచి వస్తుంది. ఎప్పుడడిగినా సిల్క్ బోర్డు కూడలి దగ్గర ట్రాఫిక్‌లో బస్సు కదల్లేదంటుంది.

ఆ రోజు ఆమె గీత వైపు చూడనైనా లేదు. తన ఇంటి వీధి చివర ఉన్న స్కూల్లో లెక్కల విభాగానికి హెడ్డు కావాలట. రెండింటికి ఇంటర్వ్యూ. అత్తగారు జారిపడి మంచాన ఉంది. ఇంటి పక్కనున్న ఈ ఉద్యోగం రాకపోతే జూన్ నుంచి అన్నీ మానుకుని ఇంట్లో కూర్చోవడమే. టీచర్లూ ప్రిన్సిపాళ్ళూ పరిచయాలు పెంచుకునే యాప్ ఒకటుంది. అందులో తన పేజీలో హెడ్మాస్టరు అభిప్రాయం మధ్యాహ్నంలోపు ఉండాలి.

"నాలుగు మాటలు చాలు సార్. ఏం రాసినా పర్లేదు, ఖాళీగా మాత్రం వదలొద్దు," అంది.

కంప్యూటర్ టీచరు స్టాన్లీ వచ్చి ఆయన పేరుతో ఖాతా తెరిచిపెట్టాడు. తెర పైభాగాన చిన్న తాళం బొమ్మ కనిపించింది.

"ఈ తాళం వేసే ఉండాదా?" అని అడిగాడు జోగయ్య.

"ఫుల్ సెక్యూర్ సార్. ఎవ్వరూ దూరలేరు," అని స్టాన్లీ క్లాసుకు వెళ్ళిపోయాడు.

జోగయ్యకు విషయం బోధపడింది. ఇది కాన్ఫిడెన్షియల్ రిపోర్టు. ఏటా మార్చిలో టీచర్ల మంచిచెడ్డలు రాసి, కవరులో పెట్టి, లక్క సీలు వేసి పై అధికారికి పంపడం ఆయన ఎరిగిన పనే. అందులో ఏనాడూ అబద్ధం రాయలేదు. లక్క పోయి తాళం బొమ్మ వచ్చింది, చదివేది పై అధికారే అనుకున్నాడు, అంతే.

ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాశాడు. "ఈ ఏడాది నూట పన్నెండు రోజులు ఆలస్యం. చెప్పినా మారదు. మీటింగులో కునుకు తీస్తుంది. అయిదో తరగతిలో భిన్నాలు రాని పిల్ల లేదు. పాత బస్సు టికెట్లు మడిచి సగం, పావు, అరపావు చూపిస్తుంది. నేను వరండాలో నిలబడి విన్నాను. నా సర్వీసులో అంతకు మించిన పాఠం వినలేదు."

రాశాక చేయి తిరిగింది. కింద అదే బడివాళ్ళ జాబితాలో స్టాన్లీ పేరు ఉంది. మిషన్లు బాగుచేస్తాడు, పిల్లలు ఇతని మాట వినరు, అని రాశాడు. దాని కింద స్కూలు యజమాని జయరామప్ప పేరు ఉంది. వదలడం న్యాయం కాదనిపించింది. ఆడపిల్లల మరుగుదొడ్డి తలుపులకు గొళ్ళాలు లేవు, మూడేళ్ళుగా చెబుతున్నాను, అని రాసి కళ్ళజోడు తీసి పెట్టాడు.

పదకొండింటికి స్టాన్లీ పాలిపోయిన ముఖంతో వచ్చాడు. తాళం అంటే పాస్‌వర్డు ఎవరూ దొంగిలించలేరని మాత్రమేనట. రాసింది ఊరంతా చదవొచ్చట. పేరెంట్స్ గ్రూపులోకి కూడా వచ్చేసింది.

"పిల్లలు నా మాట వినరని రాశారు సార్."

"వింటారా అప్పా?"

"వినరు సార్," అన్నాడు.

కునుకు మాటైనా తీసేద్దామని ఇద్దరూ కూర్చున్నారు. తీసేశారు. 'మార్పు జరిగింది' అని యాప్ అందరికీ మళ్ళీ కబురు పంపింది. అప్పటిదాకా చూడనివాళ్ళు కూడా ఏం మార్చారోనని చూశారు. పాత పేజీ ఫోటో పక్కన కొత్త పేజీ ఫోటో పెట్టి ఒక తండ్రి గ్రూపులో వేశాడు.

అంతలో జయరామప్ప ఫోను పట్టుకుని వచ్చాడు. నలభై మంది తల్లులు ఫోను చేశారట.

"ఏమప్పా జోగయ్యా, గొళ్ళాల మాట నాకొక్కడికి చెప్పుంటే సరిపోయేది కదా."

"మూడేళ్ళుగా చెప్తానే ఉండా."

జయరామప్ప బయటికి వెళ్ళి వడ్రంగికి ఫోను చేశాడు.

జోగయ్యకు తన ఉద్యోగం గురించి దిగులు లేదు. ప్రేమకుమారి గురించే. ఆమె అప్పటికే సెలవు పెట్టి బస్సెక్కింది, ఫోను ఎత్తడం లేదు. తను చూసినవాళ్ళలో అంత బాగా పాఠం చెప్పే మనిషిని తన చేతులతోనే ఇంట్లో కూర్చోబెట్టినట్టయింది. ఆ స్కూలు ప్రిన్సిపాల్ సమీనాకు ఫోను చేశాడు. అది పొరపాటున బయటపడిందని, చదవొద్దని చెప్పాడు.

"చదివేశాను సార్. అబద్ధమా?" అని అడిగిందామె.

అవునంటే ప్రేమకుమారి గట్టెక్కుతుంది.

"అబద్ధం కాదు మేడమ్. మీరు చదవాల్సింది కాదు, అంతే."

అవతల ఫోను పెట్టేసిన చప్పుడైంది. జోగయ్య ఆ మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పలేదు. వడ్రంగి గొళ్ళాలు బిగిస్తున్న చప్పుడు సాయంత్రం దాకా వింటూ కూర్చున్నాడు.

మర్నాడు ప్రేమకుమారి ఎనిమిదీ నలభైకి మిఠాయి డబ్బాతో వచ్చింది. ఉద్యోగం వచ్చింది. ముప్పై ఆరు మంది పోటీ పడ్డారట. ముప్పై అయిదు మందికీ వాళ్ళ హెడ్మాస్టర్లు అంకితభావం, నాయకత్వ లక్షణాలు అని ఒకే మాట రాశారట. బస్సు టికెట్లు ఒక్క ఆమె పేజీలోనే ఉన్నాయి. సమీనా అక్కడికక్కడే ఒక టికెట్టు ఇచ్చి పాఠం చెప్పమందట.

"మరి ఆలస్యం సంగతి?" అని అడిగాడు జోగయ్య.

"అడిగారు సార్. నూట పన్నెండు కాదు మేడమ్, నూట పద్నాలుగు, రెండు రోజులు సార్ చూళ్ళేదు అని చెప్పాను. నవ్వి, మీ ఇంటికీ ఇక్కడికీ మధ్యలో సిల్క్ బోర్డు లేదు కదా అన్నారు."

జోగయ్య రిజిస్టరు తీసి ఆ రెండు గీతలూ గీశాడు. ఆ రోజుదీ కలిపితే నూట పదిహేను. మిఠాయి తిన్నాడు. సాయంత్రంలోపు ఆ పేజీ చదివిన రెండు వందల మంది ప్రిన్సిపాళ్ళు తమ టీచర్ల గురించి కాదు, తమ గురించే రాయమని యాప్‌లో ఆయన్ని అడిగారు. ఆయన ఎవరికీ జవాబివ్వలేదు.

జూన్ మొదటి సోమవారం సమీనా నుంచి కబురు వచ్చింది. భిన్నాల పాఠం విని తను వరండాలోంచి కదల్లేకపోయిందట. ఇంటి నుంచి స్కూలుకు నడక అయిదు నిమిషాలు, ప్రేమకుమారి వచ్చింది మాత్రం పది నిమిషాలు ఆలస్యంగానట.

జోగయ్య బీరువా తాళం తీసి, పాత రిజిస్టరులో ఆమె పేరు ఎదుట ఇంకో ఎర్రగీత గీశాడు.