బాకీ ఉన్న అరవై

చేపను పట్టానని ఇంగ్లీషులో చెప్పాలంటే 'క్యాచ్‌డ్' అనాలా, 'కాట్' అనాలా? మండవల్లి ఎడ్విన్‌కి తొమ్మిదో తరగతి నుంచీ ఇదే అనుమానం. కొల్లేటి చేపలకు పట్టింపు లేదు కాబట్టి, ప్యాకింగ్ షెడ్డులో ఇరవై ఏళ్లు గడిచిపోయాయి.

భార్య రూతమ్మకు అలాంటి అనుమానాలు లేవు. అతను షెడ్డు నుంచి వచ్చి సాయంత్రం కునుకు తీద్దామనుకునే వేళకే, వసారాలో పదిమంది పిల్లల చేత ఇంగ్లీషు వల్లె వేయిస్తుంది.

"ఈ ట్యూషను మానెయ్యవే!"

"మీరు గురక మానెయ్యండి. పిల్లలు జడుసుకుంటున్నారు."

జడుపు అనగానే ఎడ్విన్‌కి ఉపాయం తట్టింది. ఆ అద్దింట్లో ఇదివరకు ఉండి, అక్కడే పోయినాయన 'ఇంపోజిషన్' గంగరాజు మాస్టారు. తొమ్మిదిలో ఎడ్విన్‌కి ఇంగ్లీషు చెప్పిందీ ఆయనే. ఆయన తోకలు తిరిగిన రాత పిల్లల నోట్సులో ఎర్రగా కనబడితే ట్యూషనుకు ఇంకెవడొస్తాడు?

ఆదివారం రూతమ్మ ముందుగా చర్చికి వెళ్లింది. "ప్రభువా, ఇది దయ్యం పని కాదు, నిద్ర కోసం" అని సంజాయిషీ చెప్పుకొని, పిల్లలు వదిలెళ్లిన ఒక నోట్సులో ఎడ్విన్ ఎర్ర సిరాతో రాశాడు: 'ఐ క్యాచ్‌డ్ ఎ ఫిష్. వెరీ గుడ్. గంగరాజు.'

మర్నాడు పొద్దున్న పొగమంచు వసారాలోకే వచ్చేసింది. బల్ల మీద నోట్సు తెరిచి ఉంది. 'క్యాచ్‌డ్' కొట్టేసి, పైన 'కాట్'. కింద అవే తోకలతో: 'ఎడ్విన్, ఇంకా అరవై బాకీ.'

ఆనాడు ఇదే తప్పుకు మాస్టారు వందసార్లు ఇంపోజిషన్ రాయమంటే నలభై చూపించి, మిగతావి రేపు తెస్తానని చెప్పి, ఏకంగా బడే మానేశాడు. ఆ లెక్క మాస్టారికీ తనకూ తప్ప ఎవరికీ తెలియదు.

"రూతూ! ఇది నీ పనే కదూ?"

"నా పనేనండీ. 'క్యాచ్‌డ్'కి వెరీ గుడ్ పెట్టే మాస్టారు భూమ్మీదా లేడు, పైనా లేడు. అది మీరేనని చూడగానే తెలిసిపోయింది."

"అమ్మయ్య! మరి అరవై సంగతి నీకెవరు చెప్పారు?"

ఊడుస్తున్న రూతమ్మ ఆగిపోయింది. "ఏ అరవై? నేను 'కాట్' అని దిద్ది నోట్సు మూసేశానండీ."

ఇద్దరూ బల్ల దగ్గరకు వెళ్లారు. కింది వరుస ఇంకా తడిగా ఉంది.

"పాస్టరుగారు దయ్యాల్లేవంటారు కదే?"

"దయ్యాల్లేవండీ. మాస్టార్లు ఉంటారేమో."

ఆ సాయంత్రం ఎడ్విన్ కునుకు తీయలేదు. పిల్లల మధ్య బాసింపట్టు వేసుక్కూర్చుని, వాళ్లు ముసిముసిగా నవ్వుతుంటే, 'ఐ కాట్ ఎ ఫిష్' అని ఒక్కొక్కటే పైకి చదువుతూ అరవై రాశాడు. రూతమ్మ అడుగున గార్డియన్ సంతకం చేసి, ఎవరూ లేని కుర్చీ వైపు నోట్సు జరిపింది.

ఎడ్విన్ లేచి చేతులు కట్టుకున్నాడు.

"ఆలస్యమైపోయిందండీ మాస్టారూ."