బిషప్‌గారి వయసు తగ్గించిన చట్టం

"డెబ్బై నిండిన మర్నాడు ఈ కుర్చీలో ఒక్క పూట కూడా కూర్చోను. చట్టం ముందు బిషప్ అయినా ఒకటే, బంట్రోతు అయినా ఒకటే" అని మా బిషప్‌గారు ఆదివారం ఆరాధన అయిపోగానే పుల్పిట్ అనే ప్రసంగ వేదిక మీంచి ప్రకటించారు.

పదవిలో ఉన్న పెద్దల నోట ఇలాంటి మాట వినే భాగ్యం ఎంతమందికి దక్కుతుంది? అందుకే చప్పట్లు కొట్టాం. మరి కాస్త ఎక్కువసేపు కొట్టామో ఏమో, ఆయన మొహం చిన్నబోయింది. గుమ్మం దగ్గర అందరికీ చేయి కలుపుతూ మా చర్చి సెక్రటరీతో మెల్లిగా అన్నారట: "వద్దు అయ్యగారూ అని ఒక్కడూ అనడేమయ్యా?"

ఆ ఒక్కమాట పట్టుకుని సెక్రటరీ పనిలోకి దిగాడు. సమర్థుడికి సూచన చాలు.

మా చర్చి సంగతి తెలియని పాఠకులకు రెండు ముక్కలు చెప్పాలి. మాది రాజ్యాంగం ఉన్న ఆంగ్లికన్ చర్చి. దేవుడి ఆజ్ఞలు పదే గానీ, కానన్లనే మా చర్చి చట్టాలు రెండు బీరువాలు ఉన్నాయి. వాటిని చేసేది సినడ్. అందులో మూడు సభలు: బిషప్పులది ఒకటి, పాస్టర్లది ఒకటి, మాలాంటి మామూలు విశ్వాసులది ఒకటి. మూడూ విడివిడిగా ఓటేసి సరేనంటేనే చట్టం. మా ప్రాంతానికి ఉన్నది ఒక్క బిషప్పే కాబట్టి బిషప్పుల సభలో సభ్యుడు కూడా ఒక్కరే. ఆ సభలో ఇంతవరకూ గొడవ జరిగిన దాఖలా లేదు.

నేను కళ్లద్దాల దుకాణం నడుపుకునేవాణ్ణి. విశ్వాసుల సభలోకి ఎలా వచ్చానంటారా? ఎన్నికల రోజున ఫ్యాను గాలి తగలడం లేదని కుర్చీ జరుపుకోవడానికి లేచాను. పోటీకి లేచాననుకుని నా పేరు రాసుకున్నారు. ఇంకెవరూ లేవలేదు. ఏకగ్రీవం.

ప్రకటన జరిగిన వారంలో సెక్రటరీ నా దుకాణానికి వచ్చాడు.

"సార్, అయ్యగారు వెళ్లిపోతే చర్చి ఏమైపోతుంది?"

"ఇంకో బిషప్ వస్తారుగా?"

"అదే నేను చెప్పేదీ! ఎంత ప్రమాదమో చూశారా?"

పదవీ విరమణ వయసు పెంచేద్దామా అంటే, ప్రజలు నవ్వుతారు. పైగా అయ్యగారు ఒప్పుకోరు. "చట్టంలో వయసు మార్చడానికి వీల్లేదు. నా మాటంటే మాటే" అని ఖండితంగా చెప్పేశారట. అందుకని సెక్రటరీ వయసు జోలికి పోలేదు. వయసు ఎక్కణ్ణుంచి లెక్కపెట్టాలి అన్నచోట పట్టుకున్నాడు.

తాను విశ్వాసంలోకి ఎలా వచ్చారో చెప్పే బిషప్‌గారి సాక్ష్యం మాకందరికీ కంఠతా వచ్చు. ముప్పయ్యేళ్లు వచ్చేదాకా ఆయన పేకాట తప్ప ఇంకో పని ఎరగరు. ఓ రోజు జోరున వాన. తలదాచుకుందామని చర్చి వరండాలో నిలబడ్డారు. లోపల ప్రసంగం చెవిన పడింది. వాన వెలిసినా ఆయన కదల్లేదు. ఆ రోజే మారుమనసు. "అంతకుముందున్నవాణ్ణి నేను కాదు! ఆ రోజే నేను పుట్టాను!" అని ప్రతి ఏడూ గుండె మీద చేయి వేసుకుని చెబుతారు.

సెక్రటరీ తయారుచేసిన కానన్ ఒకటే వాక్యం: "సంఘ సేవకుల వయసును శరీర జననం నుంచి కాక, ఆత్మలో తిరిగి జన్మించిన దినం నుంచి లెక్కించవలెను."

అంటే బిషప్‌గారికి నిండేది డెబ్బై కాదు, నలభై. ఇంకో ముప్పయ్యేళ్ల సర్వీసు మిగిలే ఉంది.

దీనివల్ల నష్టపోయేది ఎవరయ్యా అంటే మా బావ. మా ఆవిడకు అన్నగారు. ఆర్చ్‌డీకన్, అంటే బిషప్ తర్వాత అంతటివాడు. తర్వాతి బిషప్ తనేనని అద్దం ముందు నిలబడి చేయెత్తి ఆశీర్వదించడం సాధన చేస్తున్నాడు. వాళ్లింటికెళితే నన్ను కూడా రెండుసార్లు ఆశీర్వదించాడు.

"బావా, నువ్వు వ్యతిరేకించు" అన్నాను.

"ఎలా వ్యతిరేకిస్తాను బావా? కుర్చీ మీద కన్నేశాడంటారు."

"వెయ్యలేదా?"

"వేశాను కాబట్టేగా వ్యతిరేకించలేను!"

సినడ్ కూడింది. అందరికంటే గట్టిగా కానన్‌ను బలపరిచింది మా బావే. మాట్లాడుతూ మాట్లాడుతూ కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఆ కన్నీళ్లు నిజమైనవని నేను ప్రమాణం చేసి చెప్పగలను.

పాస్టర్ల సభ చేతులెత్తింది. మా సభా ఎత్తింది. బిషప్‌గారు మాత్రం "ఇది నా సొంత విషయం. నేను లోపల ఉండటం ధర్మం కాదు" అని వరండాలోకి వెళ్లిపోయారు. బిషప్పుల సభ ఓటు లేకపోతే చట్టం ఎలా అని మేం కంగారుపడుతుంటే సెక్రటరీ బయటికెళ్లి, కాసేపటికి వచ్చి ప్రకటించాడు: "బిషప్పుల సభ వరండాలో సమావేశమై, సుదీర్ఘంగా చర్చించి, కానన్‌ను ఆమోదించింది."

"ఒక్కరే కదా, చర్చ ఎవరితో?" అన్నాను.

"మనస్సాక్షితోనండీ. పోటీ గట్టిగానే సాగింది. మనస్సాక్షి ఒక్క ఓటు తేడాతో ఓడిపోయింది."

ఇక బిషప్‌గారి భార్య, మేమంతా అమ్మగారూ అంటాం, ఆవిడ సంగతి. వాళ్ల అక్కగారిది సముద్రం ఒడ్డున ఓ చిన్న ఇల్లు. భర్త రిటైరవగానే అక్కడికి వెళ్లిపోదామని ఆవిడ ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్నారు. ప్రకటన విన్న రోజే పెట్టెలు సర్దేశారు. చట్టం అయిన సాయంత్రం మేం పూలగుత్తితో బిషప్‌గారి బంగళాకు వెళితే ఆవిడ ఆ పెట్టెల మీదే కూర్చుని ఉన్నారు.

"శుభవార్త అమ్మగారూ! అయ్యగారికి నలభయ్యే!"

"అలాగా" అన్నారావిడ. "నాకు అరవై అయిదు. నేను పుట్టినప్పటినుంచీ మంచిదాన్నే. నాకేం తగ్గించలేదా?"

కానన్ సేవకులకే గానీ కుటుంబ సభ్యులకు వర్తించదని సెక్రటరీ వినయంగా వివరించాడు.

అంతా సవ్యంగా ఉండేదే. కానీ ఓడిపోయినవాడికి చదువుకునే తీరిక దొరుకుతుంది. మా బావ బీరువాలు రెండూ తెరిచి చట్టాలు మొదటినుంచీ చదివాడు. తర్వాతి సమావేశంలో లేచి నిలబడ్డాడు.

"అధ్యక్షా, బిషప్‌గా అభిషేకం పొందాలంటే కనీసం ముప్పయ్యేళ్లు ఉండాలని పాత కానన్. అయ్యగారు అభిషేకం పొందింది పదిహేనేళ్ల కిందట. కొత్త లెక్క ప్రకారం అప్పటికి వారి వయసు ఇరవై అయిదు. కనక వారు బిషప్ కారు. ఎన్నడూ కాలేదు!"

సభలో అందరూ వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నారు.

ఛాన్సలర్ లేచాడు. ఆయన మా చర్చికి వకీలు. కోర్టులో ఓడిపోయిన కేసులన్నీ సినడ్‌లో గెలుస్తుంటాడు. "తమరెవరు?" అని మా బావని అడిగాడు.

"ఆర్చ్‌డీకన్ని!"

"తమరిని ఆర్చ్‌డీకన్‌గా నియమించింది ఎవరు?"

"బిషప్..." అని మా బావ అక్కడే ఆగిపోయాడు.

"కూర్చోండి. బిషప్ కానివారు నియమిస్తే తమరూ ఎవరూ కారు."

అక్కడితో ఆగితే బాగుండేది. బిషప్‌గారు అభిషేకించిన పాస్టర్లంతా పాస్టర్లు కారని తేలింది. పాస్టర్లు కానివాళ్లు చేసిన పెళ్లిళ్ల సంగతేమిటని ఎవరో వెనకనుంచి అడిగారు. ఆ కబురు ఊళ్లోకి పాకడానికి ఎంతోసేపు పట్టలేదు. మర్నాడు చర్చి ఆఫీసు ముందు మొగుళ్లు బారులు తీరారు. అంత సంతోషంగా ఉన్న జనాన్ని మా చర్చి ఆవరణలో నేను పండగకి కూడా చూడలేదు.

ఇంటికొస్తే మా ఆవిడ గరిట పట్టుకుని గుమ్మంలోనే ఉంది.

"ఏమండీ, మన పెళ్లి చెల్లదట కదా?"

"కమిటీ పరిశీలిస్తోందే."

"పరిశీలన అయ్యేదాకా ఈ గరిట మీరు పట్టుకోండి."

ఆ పూట కూర మాడింది. చట్టాల వల్ల సామాన్యుడికి కలిగే కష్టాలు అప్పుడు నాకు అర్థమయ్యాయి.

అత్యవసర సినడ్ కూడింది. కొత్త కానన్ రద్దు చేద్దామన్నారు. రద్దు చేయాలంటే బిషప్పుల సభ ఓటు కావాలి. బిషప్పే లేరాయె. పోనీ కొత్త బిషప్‌ని ఎన్నుకుందామా అంటే, ఎన్నిక జరపాల్సింది బిషప్. రెండు గంటలసేపు తలా తోకా లేని చర్చ సాగాక ఛాన్సలర్ మార్గం కనిపెట్టాడు: "అందరినీ తాత్కాలికం చేసేద్దాం."

ఎంత సులువు! బిషప్‌గారు తాత్కాలిక బిషప్. మా బావ తాత్కాలిక ఆర్చ్‌డీకన్. పాస్టర్లు తాత్కాలిక పాస్టర్లు. పెళ్లిళ్లు తాత్కాలికంగా చెల్లుతాయి. చప్పట్లు మోగాయి. ఈసారి చప్పట్లకి బిషప్‌గారి మొహం వెలిగింది.

నేను లేచాను, ఈసారి ఫ్యాను కోసం కాదు. "తాత్కాలిక బిషప్‌కి పదవీ విరమణ వయసు ఎంతండీ?"

ఛాన్సలర్ బీరువా వైపు చూశాడు, పైకప్పు వైపు చూశాడు. "తాత్కాలికానికి విరమణ ఏమిటండీ? అది ఎప్పుడూ ఉండేదేగా" అన్నాడు.

ఆ సాయంత్రం టీ తాగుతుండగా అమ్మగారు హాల్లోకి వచ్చారు. సినడ్ జరిగేచోటికి ఆవిడ రావడం అదే మొదలు. ఛాన్సలర్ ఎదురుగా నిలబడి, "ఒక్క అనుమానం తీర్చండి బాబూ. ఆయన ముప్పయ్యో ఏట పుట్టారని చట్టం చేశారు కదా?" అన్నారు.

"అవునమ్మా."

"మా పెళ్లి ఆయన ఇరవై అయిదో ఏట అయింది. పుట్టని మనిషిని నేనెలా చేసుకున్నానూ?"

ఛాన్సలర్ టీ కప్పు పక్కన పెట్టాడు.

"పేకాడేవాడు ఒకడుండేవాడు" అన్నారావిడ బిషప్‌గారి వైపు చూస్తూ. "రాత్రుళ్లు ఆలస్యంగా వచ్చేవాడు గానీ, నవ్వించేవాడు. నా పెళ్లి వాడితో. తను ఆ మనిషి కాదని ఈయనే నలభయ్యేళ్లుగా చెబుతున్నారు. ఇప్పుడు మీరంతా చేతులెత్తి మరీ రూఢి చేశారు. ఇక నేను వెళ్లొస్తాను."

బిషప్‌గారు లేచి నిలబడ్డారు. ఏదో అనబోయారు. "ఇది నా సొంత విషయం..." అని, అలవాటు కొద్దీ వరండా వైపు నడిచారు. ఆయన వరండాలోంచి తిరిగి వచ్చేసరికి అమ్మగారు పెట్టెలతో సహా బస్సెక్కేశారు.

నెల గడిచింది. బిషప్‌గారి అంగీకి బొత్తాలు ఊడటం మొదలైంది. ప్రసంగం మధ్యలో ఆగిపోయి, ముందు వరసలో ఖాళీగా ఉన్న చోటు వైపు చూస్తుండేవారు. సాక్ష్యం చెప్పడం మానేశారు. ఒకరోజు సెక్రటరీని పిలిచి అడిగారట: "ఆవిణ్ణి రమ్మనడానికి ఏమైనా పద్ధతి ఉందా?"

"మీరు వెళ్లి పిలిస్తే..."

"అలా కాదు. పద్ధతి ప్రకారం."

సినడ్ తీర్మానం చేసింది: "గౌరవనీయురాలైన అమ్మగారు వెంటనే బంగళాకు తిరిగి రావలెనని మూడు సభలూ కోరుచున్నవి." దాన్ని అందజేసే బాధ్యత నా మీద పెట్టారు, నేను ఆ సమయంలో కుర్చీలోంచి లేవలేదు కూడా.

సముద్రం ఒడ్డున ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. అమ్మగారు, అక్కగారు గోడకి సున్నం వేస్తున్నారు. అమ్మగారి ముక్కు మీద కూడా కాస్త సున్నం ఉంది. నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, చేతులు తుడుచుకుని తీర్మానం చదివారు.

"మూడు సభలూ ఒప్పుకున్నాయా?"

"ఏకగ్రీవం అమ్మగారూ!" అన్నాను గర్వంగా.

"వద్దు, ఆవిణ్ణి కొన్నాళ్లు ఉండనివ్వండి అని ఎవరూ అనలేదా?"

"ఒక్కరు కూడా అనలేదండీ."

"నువ్వూ?"

నేను మంచినీళ్లు తాగాను.

"అయితే అంతమందిలో ఒక్కరికీ నా మీద జాలి కలగలేదన్నమాట" అని ఆవిడ కుంచె తీసుకుని గోడ దగ్గరికి వెళ్లిపోయారు.

తిరిగొచ్చి సినడ్‌కి నా నివేదిక సమర్పించాను. అమ్మగారు తీర్మానాన్ని ఆసాంతం చదివారనీ, మూడు సభల ఓట్ల వివరాలనూ ప్రత్యేకంగా అడిగి తెలుసుకున్నారనీ చెప్పాను. సభ బల్లలు చరిచింది. చర్చి పరిపాలన పట్ల ఆవిడ చూపిన శ్రద్ధకు ధన్యవాదాలు తెలుపుతూ మా బావ తీర్మానం ప్రతిపాదించగా, ఛాన్సలర్ బలపరిచాడు.

బిషప్‌గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. చాలాసేపు తుడుచుకున్నారు.

"ఆవిడకి మొదటినుంచీ సినడ్ అంటే ఇష్టమే" అన్నారు. "ఊఁ, తర్వాతి అంశం చదవండి."