నార్మల్ పిడికిలి

శనివారం పొద్దున ప్రవీణ వేసుకున్న పథకం చాలా చిన్నది. మాదాపూర్ హాస్టల్లో ఇడ్లీ తిని, పుప్పాలగూడలో ఓ అపార్ట్‌మెంట్‌కు వెళ్ళి, తొమ్మిదీ పదీ చదివే పిల్లల చేత పట్టు కొలిచే మీటరును గట్టిగా నొక్కించాలి. ఫిజియోథెరపీ పీజీలో ఆమె థీసిస్ 'ఆరోగ్యవంతులైన కౌమారుల చేతిపట్టు'. సోమవారానికి కొలతలు తేకపోతే ఈ ఏడు పరీక్షకు కూర్చోనివ్వనని గైడు తేల్చి చెప్పాడు. అంతకుమించి గొడవేమీ లేదు. ఉండకూడదు కూడా.

అసోసియేషన్ సెక్రటరీ కామేశ్వరరావు క్లబ్‌హౌస్ తాళం తీయించాడు. పిల్లలంతా సాయంత్రం దాకా కోచింగ్‌లో ఉంటారట. క్లాసు రద్దయిన వినయ్ ఒక్కడే దొరికాడు. వాడి వెంట వాళ్ళమ్మ రజిత వచ్చింది. సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడ్. వినయ్ నొక్కాడు, ఇరవై ఎనిమిది వచ్చింది.

"ఇరవై ఎనిమిది ఎంతకు? యాభైకా, నూరుకా?" అంది రజిత.

"మార్కులు కావండి, కిలోలు. నార్మల్‌గానే ఉంది."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఎల్‌కేజీ నుంచీ టాపర్ల బ్యాచ్‌లో పెంచుకొస్తున్న కొడుకును పట్టుకుని నార్మల్ అంటే ఏ తల్లి ఓర్చుకుంటుంది? రజిత ముఖం మాడిపోయింది. మళ్ళీ పెట్టమంది. రేపు మిగతా పిల్లలతోపాటు పెడతానని ప్రవీణ మర్యాదకు అంది. అది రెండో తప్పు.

రజిత లిఫ్ట్ దిగేలోపే అపార్ట్‌మెంట్ గ్రూపులో 'రేపు పిల్లలకు రీటెస్ట్' అని పెట్టేసింది. దేనికి టెస్టని ఒకరడిగారు. దేనికో తెలియట్లేదంటే పెద్దదే అయ్యుంటుందని ఇంకొకరు తేల్చారు. కామేశ్వరరావుకు ఫోన్ల మీద ఫోన్లు. ఆయనకూ తెలియదు. తెలియదంటే సెక్రటరీ పదవికి మర్యాద కాదు కనుక, సిలబస్ మాత్రం పిడికిలేనని గంభీరంగా చెప్పాడు.

ఇక చూడాలి. కోచింగ్ నుంచి వచ్చిన పిల్లలను వచ్చినట్టే పనిలో పెట్టారు. వాళ్ళు తడి దుప్పట్లు పిండారు, నీళ్ళ క్యాన్లు మెట్ల మీదుగా మోశారు. జిమ్ ట్రైనర్ క్రాష్ కోర్సు మొదలుపెట్టాడు. ఒక తండ్రి ఆఫీసు కాల్‌లో మ్యూట్ మరిచిపోయి "ఇంకా గట్టిగా నొక్కు" అని అరిస్తే, అవతల మేనేజరు ఏది నొక్కాలో తెలియక కంగారుపడ్డాడు.

ఆదివారం ప్రవీణ వచ్చేసరికి క్లబ్‌హౌస్ నిండా పిల్లలే. అందరి మణికట్లకూ కట్లు. ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

"వీళ్ళకేమైందండీ?"

"ప్రిపరేషనండీ. ఎవరూ తగ్గలేదు" అన్నాడు కామేశ్వరరావు గర్వంగా.

ప్రవీణ కుర్చీలో కూలబడింది. చేతినొప్పి ఉన్నవాళ్ళను కొలవకూడదని చెప్పింది. ఏడాది చదువు నీళ్ళపాలైనట్టే.

"నిన్న మావాడు నొక్కి నొక్కి స్మైలీ బాల్ చింపేసిండు మేడం. జర ఒక్కసారి పెట్టి చూడుండ్రి" అని రజిత బతిమాలింది. వినయ్ పెన్ను కూడా పట్టలేకపోతున్నాడు. సోమవారం కోచింగ్ పరీక్ష రాసే బాధ తప్పిందని వాడు మాత్రం లోలోపల సంబరపడుతున్నాడు.

ప్రవీణ ఏడుస్తూ గైడుకు ఫోన్ చేసింది. ఆయన మొన్నటిదాకా అందరూ బాగానే ఉన్నారా అని రెండుసార్లు అడిగాడు.

"ఒకే వయసు, ఒకే నొప్పి, అందరికీ ఒకే రోజు మొదలైంది. ఇలాంటి బ్యాచ్ జన్మలో దొరకదమ్మా. టాపిక్ మార్చేద్దాం. ఆ 'ఆరోగ్యవంతులైన' అన్న మాట కొట్టేసి, నొప్పి ఎంతో అడిగి పట్రా."

ప్రవీణ కళ్ళు తుడుచుకుంది. అందరి చేతులకూ ఐస్ పెట్టించి, నొప్పి సున్నా నుంచి పదిలోపు ఎంతో చెప్పమని ఒక్కొక్కరినీ అడిగింది. వినయ్ తొమ్మిదన్నాడు.

రజిత భయంభయంగా ముందుకు వంగింది. "తొమ్మిదంటే ఏంది మేడం? నార్మలేనా?"

ప్రవీణకు ఈపాటికి బుద్ధొచ్చింది. "కాదండి. నార్మల్ కన్నా చాలా ఎక్కువ."

రజిత స్థిమితపడి, పక్కావిడ కొడుక్కి ఎంత వచ్చిందో వాకబు చేసింది.