ఎడమ తలుపు అట్ట

శనివారం పొద్దున్న అప్పలసూరి వేసుకున్న పథకం చాలా చిన్నది. పాత పికప్పు బండికి ఎడమ తలుపు లోపలి అట్ట ఊడదీయాలి, కొత్త రెక్సిన్ వేయించాలి, మధ్యాహ్నం మూడు లోపల బిగించెయ్యాలి. మర్నాడు తెల్లవారుజామున బావమరిది సన్యాసిరాజు గృహప్రవేశం. అక్క నారాయణమ్మ కోసం అతను ఆనందపురం నుంచి మూడింటికి అద్దె కారు పంపిస్తున్నాడు. ఆ కారు గోపాలపట్నం సందులోకి వచ్చి హారన్ కొట్టేసరికి ఈ బండి ముస్తాబై నిలబడాలి. నారాయణమ్మ కారు వంక చూసి, బండి వంక చూసి, మొగుడి బండే ఎక్కాలి. అంతకంటే అతను భగవంతుణ్ణి అడిగిందేమీ లేదు. మనిషికి మంచిబుద్ధి పుట్టే రోజులు తక్కువ. పుట్టిన రోజున స్క్రూడ్రైవరు కనిపించదు.

ఈ బుద్ధి పుట్టించింది నాలుగు రోజుల కిందటి ఫోను. నారాయణమ్మ వంటింట్లో నిలబడి తమ్ముడి పెళ్ళాం జోగమ్మతో మాట్లాడుతోంది. అరుగు మీదున్న అప్పలసూరికి ఇటువైపు మాటలే వినపడ్డాయి. "ఆ తలుపు పక్కన ఏ ఆడది కూకుంటాదే? మేకు పొడుసుకొచ్చి సీర సిరిగిపోద్ది. నా పట్టుసీర సిరగలేదేటి? ఆఁ... అలగే, కారే పంపమను."

మేకు మాట నిజమే. ఆరేళ్ళ కిందట ఎడమ తలుపు అట్ట ఉబ్బి, విరిగిన మరమేకు మొన ఒకటి బయటికొచ్చి, నారాయణమ్మ పట్టుచీరని జానెడు చీరేసింది. చీర రఫ్ఫు చేయించారు గాని తలుపుని ఎవరూ పట్టించుకోలేదు. ఆనాటి నుంచి ఆవిడ తలుపు వదిలేసి సీటు మధ్యలో, మొగుడికీ గేరు రాడ్డుకీ ఆనుకుని కూర్చుంటోంది. గేరు మార్చినప్పుడల్లా మోకాలికి తగిలి "అబ్బ" అంటుంది. రేపు తలుపు సంగతి చూడాలని అప్పలసూరి అప్పుడప్పుడు అనుకునేవాడు. కాంట్రాక్టు పని పోయాక ఆ బండే అన్నం పెట్టింది. అన్నం పెట్టేదాన్ని మరీ ఎక్కువగా చూడకూడదని కూడా అతనికో నమ్మకం. ఇప్పుడు పెళ్ళాం కారులో, తాను వెనకాల ఖాళీ బండిలో వెళ్ళి దిగితే చుట్టాలు ఏమంటారు? ఏమీ అనరు. కాఫీ ఇచ్చి ఊరుకుంటారు. అదే బాధ.

వీధిలో బండి తలుపు తెరిచి, ముందుగా ఆ మేకు మొనని పట్టకారుతో పీకి అవతల పారేశాడు. తర్వాత అద్దం తిప్పే హ్యాండిల్ మీద పడ్డాడు. దాని వెనకాల గుర్రపు నాడాలాంటి చిన్న తీగ క్లిప్పు ఉంటుంది. అది ఊడితేగాని హ్యాండిల్ రాదు, హ్యాండిల్ వస్తేగాని అట్ట రాదు. అతను కిందకి వంగి పొడుస్తుండగా నారాయణమ్మ టీ తెచ్చింది.

"ఏటి సేత్తన్నావ్ మావా, పొద్దుట్నించి?"

"ఏం లేదు. తలుపు సూత్తన్నాను."

"ఆరేళ్ళు సూడనోడివి ఇయాల సూత్తన్నావా? ముహూర్తం బాగుందేటి?" అంటూ ఆవిడ గ్లాసు బానెట్ మీద పెట్టి, ఏం చేస్తున్నాడో చూద్దామని తలుపులోకి తల వంచింది.

క్లిప్పు టింగుమని ఎగిరింది. ఎటు పోయిందో దానికే తెలియాలి. అది లేకపోతే హ్యాండిల్ నిలవదు, హ్యాండిల్ నిలవకపోతే అద్దం నిలవదు. అనుకుంటూ ఉండగానే అద్దం తలుపు కడుపులోకి జారిపోయి, లోపలెక్కడో కూర్చుంది. ఇద్దరూ కాలవ గట్టుదాకా వెతికారు. ఆఖరికి నారాయణమ్మ పిండి జల్లెడ తెచ్చి వీధిలో దుమ్ము జల్లించడం మొదలుపెట్టింది. అప్పలసూరి ఆవిడని అక్కడ వదిలి అట్ట పట్టుకుని లాగాడు. ఆరు వానాకాలాలు తాగిన అట్ట. చేతికి నానిన అప్పడంలా వచ్చింది.

ఆ ముక్కలు సంచిలో వేసుకుని మెయిన్ రోడ్డు మీద బెన్సన్ దగ్గరికి వెళ్ళాడు. బెన్సన్‌కి బండి సీట్లు కుట్టే కొట్టుంది. ఆదివారం చర్చిలో పాట పాడతాడు. మిగతా ఆరు రోజులూ కొట్లో కూర్చుని "రేపు ఇచ్చేత్తాను బావా" అని పాడతాడు.

"ఇదేటి బావా, అట్ట తెమ్మంటే ఉప్మా తెచ్చినావు?" అన్నాడు సంచిలోకి తొంగి చూసి. "జాకెట్టు కుట్టాలంటే ఆది జాకెట్టు ఉండాల. దీనికి ఆది ఏది?"

"నీవైపు తలుపుది బాగానే ఉంది గదా, అది ఇప్పుదాం" అని మళ్ళీ అతనే ఉపాయం చెప్పాడు. ఎప్పుడూ లేనిది కొట్టు కట్టేసి, ప్లైవుడ్డూ రెక్సినూ స్కూటరుకి కట్టుకుని వచ్చేశాడు కూడా. డ్రైవరు వైపు అట్ట ఊడదీశారు.

"కుడి తలుపుది ఎడం తలుపుకి ఎలగ సరిపోద్దిరా?"

"తిరగేత్తే ఎడమే గదా బావా. అద్దంలో మొకం సూసుకున్నట్టే."

మేడ మీద ప్లైవుడ్ పరిచి, కుడి అట్టని తిరగేసి పెట్టి గీత గీసి, కోసి, కన్నాలు పెట్టాడు బెన్సన్. రెక్సిన్ ఏ ముఖం మీద అంటించాలో మర్చిపోకుండా ఆ ముఖం మీద సుద్దముక్కతో 'ఇటు' అని పెద్దగా రాశాడు. ముదురు కాఫీ రంగు రెక్సిన్‌ని బోర్లా పరిచి, దాని గుడ్డ వైపు సొల్యూషన్ దట్టంగా పూశాడు. అట్టకి తర్వాత రాద్దామన్నాడు.

"పది నిమిషాలు ఎండాల. టీ తాగొద్దాం, రా."

బెన్సన్ పది నిమిషాలు అంటే ముప్పావుగంట. ఆ ముప్పావుగంటలో పక్కింటి మంగాయమ్మ పిండి గిన్నెతో వచ్చి, ఇంకా దుమ్ము జల్లిస్తున్న నారాయణమ్మని అడిగింది. "వదినా, గుమ్మడి వడియాలు ఎయ్యాల. పట్టా ఉందేటి మీకాడ?"

"మేడ మీద ఉంది. ఏసీసుకో" అంది నారాయణమ్మ తల ఎత్తకుండా. మేడ మీద మూల మడతపెట్టిన పట్టా ఉన్నమాట నిజం. మధ్యలో రెక్సిన్ పరిచి ఉన్న సంగతి ఆవిడకి తెలియదు.

అప్పలసూరీ బెన్సనూ మేడెక్కేసరికి రెక్సిన్ మీద గళ్ళు గీసి పెట్టినట్టు వరసగా వడియాలు. అక్కడ చోటు చాలక ప్లైవుడ్ అట్ట మీద కూడా రెండు వరసలు. మంగాయమ్మ గిన్నె అడుగు వేలితో తుడుస్తోంది.

"పట్టాకి నూని కూడా రాసుంచినారు, అంటుకోకుండాను" అంది మెచ్చుకోలుగా. "మా వదిన బుర్రే బుర్ర అన్నయ్యా." ఈ ఊరి ఫ్యాక్టరీల గాలి నలభై ఏళ్ళు పీల్చిన ముక్కుకి సొల్యూషన్ వాసన ఒక వాసన కాదు.

బెన్సన్ వంగి ఒక వడియాన్ని వేలితో కదిపి చూశాడు. వేలు కూడా అక్కడే ఉండిపోబోయింది. "ఊడదు బావా" అన్నాడు, బాధలో కొంచెం గర్వం కలిపి. "సరుకు అలాంటిది."

"ఊడకపోతే నా వడియాలో?" అంది మంగాయమ్మ.

"నా రెక్సినో?" అన్నాడు అప్పలసూరి.

"తలుపులకి గుడ్డలు ఎండబెట్టుకుంటారని నాకేటి తెలుసు? ఊళ్ళో మొగోళ్ళు బట్టలే సరిగ్గా ఆరేసుకోరు."

నారాయణమ్మ జల్లెడతో పైకొచ్చి, చూసి, మెట్టు మీద కూలబడి నవ్వింది. ఆపకుండా నవ్వింది. అప్పలసూరికి ఒళ్ళు మండింది. ఆవిడ అలా నవ్వి ఎన్నాళ్ళయిందో కూడా గుర్తొచ్చింది. నవ్వుకి మెత్తబడ్డ మంగాయమ్మ తప్పు తనదే అన్నట్టు అట్ట మీది వడియాలు గోకేసి, నీళ్ళు పోసి, కొబ్బరి పీచుతో రెండు వైపులా తోమి, ఎండలో నిలబెట్టి మరీ దిగిపోయింది.

కాఫీ రంగు ముక్క ఇంకోటి లేదు. బెన్సన్ కొట్టుకెళ్ళి ఉన్నది తెచ్చాడు. కల్యాణమండపంలో పెళ్ళికొడుకు సోఫాకి వేయగా మిగిలిన ఎర్ర రెక్సిన్, అంచున బంగారు తీగలు. అప్పటికి రెండు దాటింది. గబగబా పూసి, అంటించి, అంచులు మడిచి కొట్టారు. ఎంత బాగా వచ్చిందంటే, ఇద్దరూ రెండడుగులు వెనక్కి వేసి మరీ చూసుకున్నారు.

తలుపు దగ్గరికి తీసుకెళ్ళి పెడితే హ్యాండిల్ కన్నం వెళ్ళి కీళ్ళ దగ్గర నిలబడింది. కిందామీదా చేశారు. బెన్సన్ నుదురు తుడుచుకున్నాడు.

"బావా, ఇది కుడిదైపోనాది."

"ఎలగ?"

"'ఇటు' అని రాసినాను. అది లేదు. అటు అంటించీసేను."

గోడ అవతల నుంచి మంగాయమ్మ కంఠం వినిపించింది. "ఆ తెల్లమరకేనా? నానే తోమీసేను. శుబ్బరంగా ఉందా లేదా?"

తిరగేస్తే ఎడమ అయ్యేది తిరగేస్తే కుడి కూడా అవుతుంది. డ్రైవరు వైపు తలుపుకి పెడితే కొలిచి కుట్టినట్టు సరిపోయింది. పాత అట్ట పక్కన పెట్టి దీన్నే అక్కడ బిగించేశారు. ఎడమ తలుపు రేకూ కన్నాలూ ఇనప ఊచలూ బయటపెట్టుకుని, అద్దాన్ని కడుపులో దాచుకుని అలాగే ఉండిపోయింది. ఆరేళ్ళ తర్వాత పెళ్ళానికి చేయబోయిన ఉపకారం చక్కగా తనకే జరిగింది. అప్పలసూరి ఆ తలుపుని చూస్తుండగానే సందు మొదట్లో హారన్ మోగింది.

నారాయణమ్మ ముఖం కడుక్కుని చీర మార్చుకుని వచ్చింది. రఫ్ఫు చేయించిన ఆ పట్టుచీరే. తల దువ్వుకునే తీరిక లేక పొద్దుటి కొప్పు మీదే మల్లెలు తురుముకుంది. వెనకాల మంగాయమ్మ; గృహప్రవేశానికి ఆవిడకీ పిలుపుంది.

"ఎల్లు" అన్నాడు అప్పలసూరి, చేతుల జిగురు తుడుచుకుంటూ. "ఏసీ ఉంటాది. నాను ఎనకాల వస్తాను."

ఆవిడ కారు వంక చూసింది. బండి వంక చూసింది. సారె బుట్ట కారు సీట్లో పెట్టి డ్రైవరుతో అంది. "ఈ బుట్ట మా జోగమ్మకియ్యి బాబూ. కారు కాళీగా ఎల్డం ఏల, మంగాయమ్మొదిన కూకుంటాది." తర్వాత వచ్చి, ఊచల తలుపు తెరిచి, పైకెక్కి, సీటు మధ్యకి జరిగింది.

సింహాచలం దాటాక అప్పలసూరి నోరు విప్పాడు. మాట వంకరగా వచ్చింది.

"మేకు పీకీసేను. అటు జరుగు, సీర సిరగదు."

"ఆ మేకు నీకేటి అడ్డమొచ్చినాది?"

"నువ్వే గదా అన్నావు, ఫోన్లో."

"నానన్నది ఇన్నావు. జోగమ్మ ఏటడిగిందో ఇన్నావా?" నారాయణమ్మ ముందు అద్దంలోంచి రోడ్డునే చూస్తోంది. "'ఏటొదినా, సీటంతా కాళీ ఉంటే కొత్త పెళ్ళికూతుర్లాగ మొగుణ్ణి అతుక్కుని కూకుంటావు, ఊరంతా సూత్తాది' అని ఎకసెక్కం. సిగ్గేసింది. మేకు మీద పెట్టీసేను. కారు పంపుతానన్నాక కాదంటే మళ్ళీ నవ్వుద్దని, పంపమన్నాను."

అప్పలసూరి గేరు మార్చబోయి తప్పి, మళ్ళీ మార్చాడు. రాడ్డు మోకాలికి తగిలింది. "అబ్బ" అంది ఆవిడ. ఆరేళ్ళుగా వింటున్న అబ్బే అది. ఇన్నాళ్ళూ దాన్ని నొప్పి అనుకున్నాడు.

"పొద్దున నువ్వు ఆ తలుపు ఇప్పుతంటే, ఇంక అటు కూకోమంటావని బయమేసింది" అందావిడ. తర్వాత అతని మోచేతి పక్కనున్న ఎర్ర రెక్సిన్‌ని, బంగారు తీగల్ని తేరిపార చూసింది. "పెళ్ళికొడుకు కుర్సీలో కూకున్నట్టున్నావు."

అడివివరం మలుపులో గొర్రెల మంద అడ్డమొస్తే బండి ఆపాడు. అద్దం లేని తలుపులోంచి గాలి కొడుతోంది. ఆవిడ అటు తిరిగి గొర్రెల్ని చూస్తుంటే, కొప్పులో మల్లెల మధ్య ఏదో తళుక్కుమంది. గుర్రపు నాడాలాంటి చిన్న తీగ క్లిప్పు. సందులో దుమ్మంతా జల్లించిన మనిషి తలలోనే పొద్దుట్నించీ కూర్చుంది.

"ఏటి సూత్తన్నావ్?"

"ఏం లేదు. పూలు" అని, పువ్వు సర్దినట్టు చెయ్యి పెట్టి దాన్ని తీసి, చొక్కా జేబులో వేసుకున్నాడు.

క్లిప్పు ఇప్పటికీ జేబులోనే ఉంది. ఎడమ తలుపు అట్ట గురించి బెన్సన్ కనపడినప్పుడల్లా "రేపు ఇచ్చేత్తాను బావా" అంటాడు. అంత నమ్మదగ్గ మనిషి ఈ ఊళ్ళో ఇంకొకడు లేడని అప్పలసూరి అభిప్రాయం.