అనుమానంతో నిండిన బడి

హొసకోటె సర్కారు బడి హెడ్మాస్టరు మునినారాయణప్ప ఆ సోమవారం పొద్దున్నే ఇంటింటికీ తిరిగి పిల్లల్ని చేర్పించాలనుకున్నాడు. నెలాఖరుకి తరగతులు నిండకపోతే బడిని పక్క ఊరి బడిలో కలిపేస్తామని పైవాళ్ళు చెప్పేశారు. ఆ దిగులుతో ఆయనకు నిద్ర పట్టడం లేదు.

పోయిన ఏడాది తాలూకా పరీక్షల్లో ఆ బడి పిల్లలే ముందు నిలిచారు. ఊరు మెచ్చుకోలేదు, కాపీ కొట్టించారంది. ఫీజు లేదంటే ఇంకా పెద్ద అనుమానం. బడిని ఊరు అనుమానిస్తే, ఊరినంతా మునినారాయణప్ప అనుమానించేవాడు.

బయల్దేరబోతుంటే, గేటు దగ్గర కొందరు లోపలికి తొంగి చూస్తూ కనిపించారు. నిజానికి ప్రైవేటు బడిలో ఫీజులు పెంచారని, ఇదెలా ఉందో చూసిపోదామని వచ్చినవాళ్ళు.

"అక్కయమ్మా, గేటుకు బీగం వెయ్యి," అన్నాడు ఆయాతో. "ప్రైవేటు బడోళ్ళు పంపిన మనుషులు. ఉన్న పిల్లోళ్ళని గూడా తోలుకొని పోయేదానికి వచ్చుండారు."

"చేర్చేదానికి వచ్చినారేమో సార్?"

"మన బళ్ళోకి పిలవకుండానే వస్తారా? ఒక్కొక్కరినే పంపు, కూపీ లాగుతా."

మొదట పూలమ్మే కదిరమ్మ వచ్చింది. "ఈ బడే ఎందుకు కావల్సొచ్చింది? ఎవురు పంపించినారు? ఇంట్లో ఎవురెవురు ఉండారు, ఏం పని చేస్తారు?" అని ఆయన నిలదీశాడు. కదిరమ్మ చెమటలు తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"పెద్ద బళ్ళల్లో మాదిరి తల్లిదండ్రులకే ఇంటర్వ్యూ పెట్టినారు," అంది. "సీటు ఇచ్చేది లేనిది చెప్పనే లేదు."

అంతే. గేటుకు బీగం, పైగా ఇంటర్వ్యూ, అయినా సీటు దొరికేలా లేదు. ఇంత గిరాకీ ఉందంటే మంచి బడేనని ఊరు తేల్చేసింది. మధ్యాహ్నానికి వరుస మెయిన్ రోడ్డు దాకా పాకింది. కొందరు కౌన్సిలరు చేత ఫోన్లు చేయించారు. గుంపును చూసి మునినారాయణప్ప హడలిపోయాడు. కుట్ర ఇంత పెద్దదని ఆయన అనుకోలేదు. ప్రశ్నలు ఇంకా కటువుగా వేశాడు.

సాయంత్రం అక్కయమ్మకు ఓపిక నశించింది. "సార్, టీసీలు చేతిలో పెట్టుకోని నిలబడుండారు. ఇంగేం కావల్ల మీకు?"

అప్పటికి అర్థమైంది ఆయనకు. గేటు తెరిపించి, అందరికీ సీట్లు ఇస్తానని ప్రకటించాడు.

అందరికీ అనగానే జనం చల్లబడిపోయారు. అడిగినవాళ్ళందరికీ ఇచ్చే సీటు ఏపాటిదో అని గుసగుసలు మొదలయ్యాయి. కదిరమ్మ ముందుకొచ్చింది.

"పొద్దున మీరడిగినారు. ఇప్పుడు నేనొకటి అడుగుతా సార్. మీ మనవడు తేజస్ ఏ బళ్ళో చదువుతాండాడు?"

తేజస్ వైట్‌ఫీల్డ్‌లో ఏసీ గదుల బడిలో చదువుతున్నాడు. టీసీలు ఒక్కొక్కటే తిరిగి సంచుల్లోకి వెళ్ళసాగాయి.

"రేపట్నుంచి ఈ బళ్ళోనే!" అని అరిచేశాడు.

ఇంట్లో కోడలు సుమ కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. "సడన్‌గా ఎందుకు మామయ్యా? ఆ స్కూల్లో ఏముందని? ఎవరు చెప్పారు మీకు?"

అన్నింటికీ ఆయన తడబడుతూనే జవాబు చెప్పుకున్నాడు. చివరికి తేజస్ చేరాడు. వాణ్ణి చూసి ఊరి పిల్లలంతా చేరారు, బడి నిలిచింది. తేజస్ చేరిన రోజు నుంచి హెడ్మాస్టరుకు కోడలు పంపే క్యారియర్ రావడం మాత్రం ఆగిపోయింది. బడిలో పిల్లలకు పెట్టే సాంబారు బాగానే ఉంటుందని ఆయన తొలిసారిగా తెలుసుకున్నాడు.