నాలుగు చోట్ల పెట్టిన రెండు లక్షలు

శనివారం పొద్దున యోసేపు మాస్టారు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. టీ తాగి, తిరువూరులో ముగ్గురి ఇళ్ళకి వెళ్ళి, తలా ఇరవై వేలు అడిగి తెచ్చుకోవాలి. కూతురు షైని నర్సింగ్ ఫీజు అరవై వేలు సోమవారంలోగా కట్టకపోతే సీటు పోతుంది.

బ్యాంకులో హాయిగా పడి ఉన్న రెండు లక్షల్ని, ఫోన్లో ఎవరో చెప్పింది విని, మాస్టారే కదిలించాడు. డబ్బంతా ఒకేచోట ఉంచితే రిస్కట. అందుకని ప్రేమావతికి యాభై వేలు వడ్డీకిచ్చాడు. జోజిబాబు పురుగుమందుల కొట్టులో యాభై, నవీన్ కుమార్ ట్రాలీ ఆటోలో యాభై పెట్టాడు. మిగతా యాభై భార్య హన్నమ్మ చేతికిచ్చి, "షేర్లలో పెట్టు. నాలుగు రకాలుంటే ఏదీ మనల్ని ముంచదు" అన్నాడు. ఆమె తలూపింది. ముప్పై ఏళ్ళుగా అలాగే ఊపుతోంది.

ముందురోజు రాత్రి పెద్ద గాలొచ్చింది. మామిడి రైతుల మీద మాస్టారు జాలిపడ్డాడు కూడా. తనకి తోటలేమీ లేవు కదా.

ప్రేమావతి గుమ్మంలోనే తల పట్టుకుని కూర్చుంది.

"ఇంకెక్కడి డబ్బులండీ మాస్టారూ! రెడ్డిగూడెంలో గిరిబాబు మామిడితోట గుత్తకి తీసుకుంటే ఇచ్చాను. రాత్రి గాలికి కాయంతా రాలిపోయిందంట."

తనకింకా రెండు దార్లున్నాయన్న ధైర్యంతో ఆమెనే ఓదార్చి, జోజిబాబు కొట్టుకి వెళ్ళాడు.

"మందులన్నీ అరువిచ్చేశాను సార్" అన్నాడు జోజిబాబు.

"ఎవరికి?"

"గిరిబాబుకి."

మాస్టారు గబగబా మూడో ఇంటికి నడిచాడు. నవీన్ ఇంటి ముందు ట్రాలీ లేదు. ఫోన్ చేస్తే, "సీజనంతా గిరిబాబు తోటకే మాట్లాడుకున్నా సార్. బాడుగ ఆఖర్న ఇస్తానన్నాడు. ఇప్పుడు రాలినకాయ తోలుతున్నా, అదీ మీ..." అంటుండగానే, "ఇంక చెప్పకు నాయనా" అని మాస్టారు ఫోన్ పెట్టేశాడు.

మూడు చోట్ల దాచాననుకున్న డబ్బు ఒకే తోటలో నేలరాలింది. హన్నమ్మకి ఏం చెప్పాలో తోచలేదు. షైని మొహం చూడ్డం ఎలాగో అసలే తోచలేదు.

తీరా వస్తే ఇంటి వాకిలి నిండా పచ్చి మామిడికాయలు. ఇద్దరు కూలీలతో కలిసి హన్నమ్మ ఏరుతోంది.

"ఏంటిది?"

"రాలినకాయండీ. కిలో నాలుగు రూపాయల లెక్కన గిరిబాబు దగ్గర ఐదు టన్నులు కొన్నా. పొద్దున్నించీ నవీన్ ట్రాలీ తోలుతూనే ఉంది. విజయవాడ పచ్చళ్ళాయన కిలో పన్నెండుకి తీసుకుంటానన్నాడు. సాయంత్రం డబ్బిచ్చి లారీకెత్తుకుంటాడు. షైని ఫీజుకి సరిపోద్ది."

"మరి షేర్లు?"

"నాకేం తెలుసండీ షేర్లు? బియ్యం డబ్బాలో పెట్టా. అందులోంచే గిరిబాబుకి ఇరవై వేలిచ్చా."

ఇంతలో ప్రేమావతి ఫోన్ చేసింది. "మాస్టారూ, గిరిబాబు ఇప్పుడే ఐదు వేలు పంపాడు. వచ్చి తీసుకెళ్ళండి."

మాస్టారి మొహం వెలిగిపోయింది. "చూశావా! నాలుగు చోట్ల పెట్టబట్టే కదా..."

"అవి నేనిచ్చినవేనండీ" అంది హన్నమ్మ, చేతిలో కాయ మీంచి చూపు తిప్పకుండా.

మాస్టారు పీట లాక్కుని కూర్చుని కాయలు ఏరసాగాడు. అలవాటు కొద్దీ, ఏరినవన్నీ ఒకే కుప్పగా పోయకుండా నాలుగు కుప్పలు పెట్టాడు.